అక్క దీవెన

మేము చర్చికి వెళ్లేవాళ్లం, దిష్టిని నమ్మం. అయినా మేడ్చల్ బస్టాండులో దీవెనలిచ్చి బతికే ఆ హిజ్రా అక్క కనిపిస్తే నా పాప తల వంచేది. అక్క చేతులు తిప్పి, కణతల దగ్గర మెటికలు విరిచేది.

ఒకరోజు కొత్త చీరల దుకాణం ప్రారంభించడానికి టీవీలో పేరున్న ట్రాన్స్‌జెండర్ నటి వచ్చింది. ఆమెను చూడ్డానికి వెళ్లిన అక్కను కర్రలతో బాదారు. చితికిన వేళ్లతో, నోట్లో నెత్తురుతో మా గుమ్మంలో కూలబడింది.

“ఎవరు కొట్టిన్రక్కా?”

“గామెతోని ఫోటోలు దిగినోళ్లే బిడ్డా. ‘నీకేం పనే ఈడ?’ అనుకుంట కొట్టిన్రు.” నెత్తురు ఉమ్మి నవ్వింది. “మస్తు సక్కగుంది గామె.”

నేను కట్టు కడుతుండగా పాప వచ్చి తల వంచింది. అక్క చేతులెత్తింది కానీ వేళ్లు ముడవలేక ఏడ్చింది. “గీ చేతులే బిడ్డా నా బువ్వ.”

ఆమెను ప్రాణాలతో పంపిన దేవునికి స్తోత్రం చెప్పుకుని, పాప తల చుట్టూ చేతులు తిప్పి, మెటికలు నేనే విరిచాను.