ఆమేన్ తర్వాత వచ్చిన మాట

మా ఆయన గొంతు పోయాక మా ఇంట్లో ఆయన తరఫున ఒక టాబ్లెట్ మాట్లాడేది. అది ఆయన కోసం కొన్నది కాదు. మా అమ్మాయి బ్యాంకు పరీక్షల కోచింగ్‌కి వెళ్ళే రోజుల్లో పాఠాల వీడియోలు చూసుకోవడానికని కొనుక్కుంది. చవక రకం. కొన్న రోజుకే దాని ప్రాసెసర్ పాతబడిపోయిందట. ఆ సంగతి మాకు చాలా తర్వాత తెలిసింది. కొట్టువాడు మాత్రం "పాంచ్ సాల్ ఆరామ్‌సే చలేగా, ఆంటీ" అని, అయిదేళ్ళకు ఢోకా లేదన్నట్టు నా చేతిలో పెట్టాడు. నేను నర్సుని. ఫలానా వాళ్ళకి ఇన్నేళ్ళు అని ఎవరైనా చెబితే నమ్మడం ఎప్పుడో మానేశాను.

ఆయన రైల్వేలో వ్యాగన్ల మరమ్మతు పని చేసేవారు. గుంటూరు వైపు నుంచి ఇద్దరం ఉద్యోగాల మీద రాయపూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయాం. చర్చికి తెలియకుండా బీడీలు కాల్చేవారు. చర్చిలో అందరికీ తెలుసు, ఎవరికీ తెలియదనుకున్నది ఆయనొక్కరే. గొంతు బొంగురుపోతే వర్క్‌షాపు దుమ్ము అనేవారు. నేను చెవి పట్టుకుని లాక్కుపోయేసరికి దుమ్ము కాదని తేలింది. టాటీబంధ్ దగ్గరి పెద్దాసుపత్రిలో స్వరపేటిక తీసేసి, ఊపిరి కోసం మెడ కింద రంధ్రం పెట్టారు. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ బయట బెంచీ మీద కూర్చుని, ఇంట్లో కఫం తీసే మిషను ఏ మూల పెట్టాలా అని ఆలోచించాను. ఏడుపు రాలేదు. మనిషి మొద్దుబారిపోవడం అంటారే, అది ఆ బెంచీ మీదే మొదలైంది. ఇంకా పోలేదు.

గొంతుకు ఆనించి మాట్లాడే మిషను ఒకటి ఇచ్చారు. ఆయన నోరు కదిపితే అది మిక్సీలా మోత పెట్టేది. రెండు రోజులు వాడి దాన్ని బీరువా పైకి విసిరేశారు. అప్పుడు మా అమ్మాయి తన టాబ్లెట్‌లో ఒక యాప్ వేసి ఇచ్చింది. మనం టైపు చేసింది అది తెలుగులో చదివి వినిపిస్తుంది. ఆయన ఒక్క వేలితో కొట్టేవారు. అది ఆడగొంతుతో చదివేది.

మొదట్లో మాకు నవ్వు ఆగలేదు. "ఏందే, కూరలో ఉప్పేశావా లేదా?" అని ఆయన కొడితే, ఆ యాప్‌లోని అమ్మాయి కోస్తాలో రేపు వర్షాలు పడతాయని వార్తలు చదివినట్టు చదివేది. ప్రశ్నో, కోపమో, వేళాకోళమో తెలియదు. అది తెలియాలంటే ఆయన మొహం చూడాలి. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన మొహం అంతగా చూసింది అప్పుడే.

మా ఇళ్ళల్లో సాయంత్రం కుటుంబ ప్రార్థన ఉంటుంది. ఒక పాట, ఒక వాక్యం, తలా ఒక చిన్న ప్రార్థన, ఆఖర్న ఇంటి యజమాని ముగింపు ప్రార్థన. గొంతు ఉన్న రోజుల్లో ఆయన ముగింపు ఎంత సాగేదంటే, మా అమ్మాయి ఒక కునుకు తీసి లేచేది. ఆపరేషన్ తర్వాత ఇంటి పనులు, బయటి పనులు, ఆసుపత్రి వ్యవహారం అన్నీ నా చేతికి వచ్చేశాయి. ఆ ముగింపు ఒక్కటే ఆయన దగ్గర మిగిలింది. మధ్యాహ్నమంతా కూర్చుని దాన్ని టైపు చేసుకునేవారు. తన మాట చివరిదాకా వినాలి, అంతే ఆయన పట్టుదల. ఇంకేదీ అడిగేవారు కాదు.

మొదటి ఏడాది బాగానే గడిచింది. ఆ తర్వాత యాప్ కొత్తదైనప్పుడల్లా టాబ్లెట్ బరువెక్కింది. మీట నొక్కాక మాట రావడానికి ఆలస్యం మొదలైంది. మేం అన్నం వడ్డించుకుంటుంటే, ఎప్పుడో అడిగిన మంచినీళ్ళు అప్పుడు అడిగేది. ఒక రోజు తెర మీద ఏదో సందేశం వచ్చింది. మా అమ్మాయి చదివి పెదవి విరిచింది.

"దీనికి ఇంక కొత్త వెర్షన్లు రావంట నాన్నా. ప్రాసెసర్ పురానా. ఇప్పుడున్నది ఉన్నట్టు చలాయించుకోవాలి, బస్. నెట్‌కి మాత్రం కనెక్ట్ చెయ్యకు. అప్‌డేట్ అయ్యిందా, గయా, ఇంక పనిచెయ్యదు."

అప్పటినుంచి దాని నెట్ కట్టేశాం. కొత్తది ఏదీ ఎక్కించలేదు. పథ్యం పెట్టిన మనిషిలా అది ఇంకొన్నేళ్ళు నడిచింది. కొత్త టాబ్లెట్ కొందామని నేనే అన్నాను. మా అమ్మాయి తన ఫోన్‌లో చూపించింది. అందులో మగగొంతు కూడా ఉంది, చకచకా పలుకుతుంది. ఆయన ఒక పూట వాడి చూశారు. "టీ పెట్టు" అని ఎవరో పరాయి మగాడు నా వంటింట్లో అన్నట్టయి, నేను కొంగు సర్దుకున్నాను. ఆయన అది చూశారు. ఫోన్ పక్కన పెట్టి పాత టాబ్లెట్ అందుకున్నారు. కాసేపటికి అది అంది: "నాకు ఇదే అలవాటైంది." ఆ గొంతు నాకూ అలవాటైందని నేను పైకి అనలేదు.

చిక్కంతా ప్రార్థన దగ్గర వచ్చింది. అది వాక్యానికీ వాక్యానికీ మధ్య ఆగిపోయేది. "చర్చి బిడ్డలందరినీ నీ చేతికి అప్పగిస్తున్నాము" అని ఆగితే, అయిపోయింది కాబోలనుకుని మేం ఆమేన్ అని లేచేవాళ్ళం. నేను కుక్కరు దగ్గరికి, మా అమ్మాయి ఫోన్ దగ్గరికి. వెనకాల గదిలో అది మళ్ళీ మొదలుపెట్టేది, "మరియు నా భార్య మోకాళ్ళ నొప్పులను" అంటూ. తిరిగి వెళ్ళి కూర్చునే ఓపిక ఒక్కో రోజు ఉండేది, ఒక్కో రోజు ఉండేది కాదు. ఆయన చివరికి ఒక పద్ధతి పెట్టారు. మధ్యలో ఎవరైనా ఆమేన్ అనబోతే అరచేత్తో బల్ల మీద ఒక్కటి చరిచేవారు. ఆగండి, ఇంకా ఉంది అని. మేం ఆగేవాళ్ళం.

అంతలో మా అమ్మాయికి సంబంధం కుదిరింది. భిలాయ్‌లో స్థిరపడిన శ్రీకాకుళం వాళ్ళు. అబ్బాయి తండ్రి స్టీల్ ప్లాంటులో చేసి రిటైరయ్యారు. అబ్బాయి నెమ్మదస్తుడు. మా అమ్మాయికి బ్యాంకు ఉద్యోగం రాలేదు గానీ, శంకర్ నగర్‌లో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూసేది. ఆ పనంటే దానికి ఇష్టం. ఈయనకు ఇంకా ఇష్టం. రోజూ పొద్దున దాని స్కూటీ తుడిచి, గేటు తీసి, అది మలుపు తిరిగేదాకా నిలబడేవారు.

మాలో పెళ్ళికి ముందు ప్రధానం చేస్తారు. పాస్టరుగారు రెండు వైపుల పెద్దల్నీ నిలబెట్టి, ఈ సంబంధం మీకు ఇష్టమేనా అని అడుగుతారు. ఏదైనా షరతు ఉంటే అప్పుడే చెప్పుకోవాలి. సంఘం ముందు అన్న మాటే మాట. ఆయన మూడు నాలుగు మధ్యాహ్నాలు కూర్చుని తన జవాబు టైపు చేశారు. చూపించమంటే టాబ్లెట్ గుండెకు హత్తుకున్నారు. "అబ్బో, ప్రసంగమా?" అన్నాను. నవ్వారు. ఆయన నవ్వితే మెడ దగ్గర గాలి వస్తుంది.

ఆ రోజు పొద్దున మా అమ్మాయికి ఏం తోచిందో, నాన్న మాట హాల్లో అందరికీ స్పష్టంగా వినపడాలని, గొంతు పెంచే ఏదో చిన్న ఫైల్ కోసం టాబ్లెట్‌ని తన ఫోన్ నెట్‌కి కలిపింది. ఇన్నేళ్ళుగా ఆగిపోయినవన్నీ ఒక్కసారి దిగడం మొదలుపెట్టాయి. గబగబా నెట్ తీసేసింది. అప్పటికే టాబ్లెట్ వెనక చెయ్యి పెట్టలేనంత కాలిపోతోంది. "చల్లబడితే ఠీక్ అవుతుంది నాన్నా" అంది. పట్టుచీరలో దాని మొహం పాలిపోయింది.

చర్చి హాల్లో పాస్టరుగారు ఈయన్ని అడిగారు. మైకువాడు టాబ్లెట్ ముందు మైకు పెట్టాడు. ఈయన మీట నొక్కారు. రాలేదు. అందరూ ఆగారు. ఎక్కడో ఒక బిడ్డ ఏడ్చింది. అప్పుడు ఆ ఆడగొంతు, "నాకు ఈ సంబంధం ఇష్టమే" అంది. ఆగింది.

పాస్టరుగారు "ఆమేన్!" అన్నారు. హాలంతా ఆమేన్ అని చప్పట్లు కొట్టింది. అక్కడ చరచడానికి బల్ల లేదు. ఈయన అరచెయ్యి పైకెత్తారు. ఆగండి అన్నట్టు. ఆశీర్వదిస్తున్నారనుకుని అబ్బాయి వచ్చి ఆ చేతి కింద తల వంచాడు. ఫోటోగ్రాఫరు పరిగెత్తుకొచ్చాడు. ఆ ఫోటో మా దగ్గరుంది, చాలా బాగా వచ్చింది.

ఉంగరం, బైబిలు, చీర ఇచ్చారు. పాట పాడారు. భోజనాలకు లేవమన్నారు. జనమంతా బయట షామియానా కిందికి వెళ్ళిపోయారు. ఈయన మాత్రం కుర్చీలోంచి కదలలేదు, మైకు ముందు టాబ్లెట్ వైపే చూస్తున్నారు. నేను లేవదీయడానికి వెళ్ళాను. కుర్చీలు సర్దుతున్న చప్పుడులో అది మొదలుపెట్టింది.

"కానీ ఒక్క మాట. మా అమ్మాయి చేత ఉద్యోగం మాన్పించవద్దు. తనంతట తాను మానితే వేరు. మీరు మాన్పించవద్దు. ఈ మాట సంఘం ముందు అడుగుతున్నాను. నా గొంతు పోయినా నేను తండ్రినే. ఆమేన్."

విన్నది నేనూ, కుర్చీలు సర్దేవాళ్ళూ. ఆయన నా వైపు చూశారు. వెళ్ళమని ఆ చూపు. వెంటనే బయటికెళ్ళి, భోంచేస్తున్న అబ్బాయి తల్లికి అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నది.

"అయ్యో వదినగారూ, అప్పుడే అనాల్సింది కదా. పాస్టరుగారి ముందరే మాటిచ్చీవోళ్ళం. ఇప్పుడేటి, అంతా అయిపోనాది. చూద్దాంలెండి, మీరు ముందు భోంచెయ్యండి."

ఆవిడ అన్నదాంట్లో తప్పు పట్టడానికి నాకేమీ కనిపించలేదు. ఇంటికొచ్చాక ఆయన టాబ్లెట్‌ని గూట్లో బోర్లా పెట్టేశారు. తప్పంతా దానిదే అని ఇద్దరం నమ్మాం. పాస్టరుగారి ఆమేన్ కన్నా ముందే పలికి ఉంటే మాట నిలబడేదని. కొన్నాళ్ళకు దాని బ్యాటరీ ఉబ్బింది. వాపు కనపడ్డాక నేను ఊరుకోను, తీసుకెళ్ళి పాత సామాన్లవాడికి ఇచ్చేశాను. ఏమైనా అనిపిస్తుందేమోనని వీధి మలుపులో ఒక నిమిషం నిలబడ్డాను. ఏమీ అనిపించలేదు. కూరగాయలు కొనుక్కుని వచ్చాను.

పెళ్ళి అయ్యాక అల్లుడు మామగారికి కొత్త టాబ్లెట్ తెచ్చాడు. మంచి ప్రాసెసర్ అట, ఏళ్ళ తరబడి అప్‌డేట్లు వస్తాయట. మగగొంతు పెట్టి మరీ ఇచ్చాడు. నొక్కీ నొక్కకముందే పలుకుతుంది. పాత గొంతు అందులో దొరకలేదు. ఆయన కాదనలేదు, నేనూ కొంగు సర్దుకోవడం మానేశాను.

మా అమ్మాయి కొన్నాళ్ళు భిలాయ్ నుంచి లోకల్ రైల్లో ఆఫీసుకి తిరిగింది. తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం ఒక్కతే వచ్చింది. ఈయన ఎదురుగా కింద కూర్చుని, కాలి మెట్టె తిప్పుకుంటూ చెప్పింది.

"రిజైన్ చేసేశాను నాన్నా. అత్తయ్య రోజూ ఏదో ఒకటి అంటోంది. ఆయనేమో చుప్."

ఆయన టైపు చేశారు. కొత్తది వెంటనే పలికింది. "నేను ఆ రోజు అడిగానమ్మా. టాబ్లెట్ ఆలస్యం చేసింది. ఎవరికీ వినపడలేదు."

మా అమ్మాయి తల ఎత్తలేదు.

"వినపడింది నాన్నా. భోజనాలప్పుడు పాటలు పెడదామని మైకువాడు లోపలి బాక్సు ఆపేసి బయటిది పెట్టాడు. నీ ముందున్న మైకు చాలూనే ఉంది, ఆపలేదు. మొత్తం వచ్చింది, ఆమేన్ దాకా. అందరూ తినడం ఆపేశారు. అత్తయ్య నా వైపు చూసింది. మీ అల్లుడూ చూశారు. తర్వాత అత్తయ్య పెరుగు చట్నీ అడిగింది. మళ్ళీ అందరూ తినడం మొదలుపెట్టారు."

"నువ్వూ?" అన్నాను నేను.

"నేనూ తిన్నాను."

నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. ఆవిడ ఆ రోజు నా మాట ఎంత శ్రద్ధగా విన్నదో గుర్తొచ్చింది, అంతే. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. ఆయన వేలు తెర మీద చాలాసేపు ఊరికే ఉంది. తర్వాత ఏదో కొట్టారు. కొత్తది కదా, ఒక్క క్షణం కూడా ఆగలేదు.

"అన్నం తిని వెళ్ళు" అన్నాడు ఆ పరాయివాడు.

మా అమ్మాయి లేచి కంచాలు తీసింది. నేను అన్నం గిన్నె తెచ్చాను. ఇద్దరిలో ఎవరమూ ఆయన మొహం వైపు చూడలేదు.