రంగు నిలుపుకున్న పొర

కాలేజీ పిల్లలు ఆమెను స్లైడ్ల ఆంటీ అంటారు. ఆరు నెలల కిందటి వరకూ ఆమెకు ఆ పేరు లేదు. జీవశాస్త్రం ల్యాబులో అటెండరుగారి భార్య, అంతే. ఇరవై రెండేళ్ళు ఆ గదిలో గాజుసామాను కడిగి, రంగులు కలిపి, మైక్రోస్కోపులు తుడిచిన మనిషి ఒకరోజు పొద్దున్నే చొక్కా గుండీలు పెట్టుకుంటూ కుప్పకూలిపోయాడు. ఆయన పని ఆమెకు ఇచ్చారు గానీ తాత్కాలికంగా ఇచ్చారు. పెద్ద ప్రాక్టికల్ పరీక్షకు కావలసినవన్నీ ఒంటిచేత్తో సిద్ధం చేయగలదని లెక్చరర్ మేడమ్ రాసిస్తేనే ఆ పని ఖాయం. లేకపోతే ఆఫీసులో కాగితాలు అందించే పనికి పంపేస్తారు.

జీతం రెండు చోట్లా ఒకటే.

"ఎక్కడైతేనేమే, అక్కడ కనీసం కుర్చీ వేసి కూర్చోబెడతారు" అంది అత్తగారు.

"నాకు కుర్చీ వద్దత్తయ్యా."

ఆమెకు ఆ గదే కావాలి. సీసాల మీద చీటీలన్నీ ఆయన చేతిరాత. కాస్త వాలుగా, తోకలు పొడుగ్గా ఉండే అక్షరాలు. సీసా కడిగేటప్పుడు చీటీ తడవకుండా మూతి దగ్గర పట్టుకుని, పసిపిల్లకి తలంటినట్టు కడిగేది.

చదువు ఏడో తరగతితోనే ఆగింది. అందుకని మేడమ్ మొదటి నెలలోనే మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి ఉల్లిపాయ పొర చూపించింది.

"ఏం కనబడుతోందమ్మా?"

"ఇటుకలు పేర్చినట్టుంది మేడమ్."

"ఒక్కో ఇటుకా ఒక కణం. చుట్టూ గట్టిగా ఉన్నది గోడ. కణకవచం అంటాం. దానికి లోపలివైపు అతుక్కుని ఒక పలచటి పొర ఉంటుంది, కణత్వచం. అసలు పెత్తనం దానిదే. ఏది లోపలికి రావాలో, ఏది బయటికి పోవాలో అదే చూసుకుంటుంది."

"మరి గోడ?"

"నిలబెట్టడం వరకే. నీళ్ళూ ఉప్పూ దాన్ని అడక్కుండానే దాటిపోతాయి."

"అయితే మా ఇంట్లో లాగే. మామగారు గోడ, అత్తగారు పొర."

మేడమ్ నవ్వు ఆపుకోలేక కళ్ళజోడు తీసేసింది. ఆ తర్వాత చెప్పింది. కణాల మీద ఉప్పునీళ్ళు వేస్తే లోపలి నీరు బయటికి వచ్చేస్తుంది, పొర గోడను వదిలేసి మధ్యలోకి ముడుచుకుంటుంది. వెంటనే మంచినీళ్ళు పోస్తే మళ్ళీ ఉబ్బి గోడను అంటుకుంటుంది.

"దోసకాయ ముక్కలకి ఉప్పు రాస్తే ఊరే నీళ్ళు, అవేనా మేడమ్?"

మేడమ్ ఆమెకేసి ఒక్క క్షణం చూసింది. "అవే. కాకపోతే కణం బతికుండాలి. చచ్చినదానికి ఉప్పైనా ఒకటే, మంచినీళ్ళైనా ఒకటే."

ఆ రోజు నుంచి ఆమెకు ధైర్యం వచ్చింది. ముప్పై ఏళ్ళుగా తన చేతుల్లో జరుగుతున్నదే ఇక్కడ గాజుపలక మీద జరుగుతోంది. కొత్తగా నేర్చుకోవలసింది పేర్లే.

పరీక్షలో వచ్చింది సరిగ్గా ఆ ప్రయోగమే. అడుగున వంకాయ రంగు ఉండే ఆకుల మొక్క ఒకటి కాలేజీ తోటలో ఉంది. ఆ రంగు కణంలోనే ఉంటుంది కాబట్టి పొర ముడుచుకోవడం కంటికి ఆనుతుంది. ముందురోజు మధ్యాహ్నం తోటమాలి చూపించిన మడిలో సంచి నిండా ఆకులు కోసుకొచ్చింది. కడిగి, ఆరబెట్టి, గుడ్డలో చుట్టింది. ల్యాబు ఫ్రిజ్ అరలన్నీ రంగు సీసాలతో కిక్కిరిసి ఉన్నాయి. పైన ఐసు పెట్టె ఖాళీ. బజార్లో బఠాణీలు ఐసులో పెట్టి అమ్ముతారు కదా, నెలలైనా పచ్చగానే ఉంటాయి. ఆకులు ఒక్క పూట ఉండవా అనుకుని అందులో సర్దేసి నిశ్చింతగా ఇంటికి వెళ్ళింది.

పొద్దున ఏడున్నరకి తీసి చూస్తే ఆకులు గాజుముక్కల్లా ఉన్నాయి. పళ్ళెంలో పెట్టింది. పావుగంటలో అవి తడిసిన కాగితాల్లా వాలిపోయాయి. పళ్ళెం అడుగున వంకాయ రంగు నీళ్ళు చేరాయి. అయినా ఒక ఆకు పొర తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. ఇటుకలు ఇటుకల్లాగే ఉన్నాయి, గోడలు చెక్కుచెదరలేదు. లోపల రంగు లేదు. ఉప్పునీళ్ళు వేసింది. ఉలుకూ పలుకూ లేదు.

ఎనిమిదింటికి మేడమ్ వచ్చింది. పళ్ళెం చూసి ముఖం మాడ్చుకుని, గుమ్మం దగ్గర నీళ్ళ డబ్బాతో నిలబడ్డ తోటమాలి వైపు తిరిగింది.

"ముదురాకులు చూపించావా ఏంటి?"

తోటమాలి నోరు తెరిచేలోపే ఆమె అంది: "ఆయన తప్పేం లేదు మేడమ్. నేనే ఐసు పెట్టెలో పెట్టాను."

మేడమ్ స్టూలు లాక్కుని కూర్చుండిపోయింది. "లోపలి నీళ్ళు గడ్డకట్టి పొరల్ని చీల్చేశాయి. ఇంక రంగుని ఆపేదేముంది?"

"మడిలో ఇంకేమైనా మిగిలాయా అన్నయ్యా?" అని ఆమె తోటమాలిని అడిగింది.

"కాడలు మిగిలాయి చెల్లెమ్మా. నిన్న మేక దూరినట్టే కోసేశావుగా!"

"పరీక్ష పదింటికి" అంది మేడమ్. "వచ్చే ఎగ్జామినర్‌ని ప్రశ్న మార్చమని బతిమాలతాను. మారుస్తారేమో. కానీ తర్వాత మీ కాగితం మీద నేనేం రాయనమ్మా?"

ఆమె కొంగు నడుముకి బిగించింది. "ఉల్లిపాయ పొరకి ఉప్పునీళ్ళు వేస్తే మేడమ్?"

"దానికి రంగుండదు. ముడుచుకున్నా పిల్లలకి కనబడదు."

"మనం చూసింది లోపలివైపు పొర. ఎర్రుల్లిపాయ రేక్కి బయటివైపు రంగుంటుందిగా."

"ఆ పొర విడిగా ఎక్కడొస్తుంది? కండతో సహా ఊడుతుంది. నేనెన్నోసార్లు చూశాను, రాదు."

"మీకు రాదు" అనేసి నాలుక కరుచుకుంది.

హాస్టలు వంటింటికి వెళ్ళి ఎర్రుల్లిపాయలు అడిగితే వంటమనిషి బుట్ట చేతికిస్తూ, "పరీక్ష పిల్లలకా, ఉల్లిపాయలకా తల్లీ?" అంది. "ఇవాళ నాకు" అని పరుగున వచ్చేసింది.

మొదటి రేకు తెగింది. రెండోది కండతో వచ్చింది. అలా తొమ్మిది పాడుచేసింది. గడియారం ఎనిమిదిన్నర దాటింది. కళ్ళ వెంట నీళ్ళు ధారలు కట్టాయి.

"ఏడుస్తున్నావా చెల్లెమ్మా?" అన్నాడు తోటమాలి మెల్లగా. ఆయన పోయిన రోజు కూడా ఆమె ఏడవడం అతను చూడలేదు.

"ఉల్లిపాయ."

"ఆఁ, ఉల్లిపాయే" అని అతను కిటికీ తెరిచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

పదో రేకుని పట్టకారుతో పట్టలేదు. లోపలివైపు నుంచి బ్లేడుతో గాటు పెట్టి, బయటి పొర తెగకుండా రేకుని విరిచి, చిక్కుడుకాయ ఈనె తీసినట్టు ఒక్క లాగు లాగింది. వేలెడు పొర వచ్చింది. పలచగా, పట్టు గుడ్డలా, వంకాయ రంగులో.

మేడమ్ మైక్రోస్కోపులో కన్ను పెట్టింది. ఆమె పొర మీద కప్పిన గాజుముక్కకి ఒక అంచున ఉప్పునీటి చుక్క వేసి, రెండో అంచున అద్దుడు కాగితం ఆనించి నీటిని లాగింది. రెండు నిమిషాలు గడిచాయి.

"కదిలింది" అంది మేడమ్. "ముడుచుకుంటోంది... అబ్బ, ఎంత బాగా ముడుచుకుంటోందో! మంచినీళ్ళు వెయ్యండి, తొందరగా."

వేసింది. ఈసారి ఆమే కన్ను పెట్టింది. గోడల మధ్య ముద్దలా ముడుచుకున్న రంగు నెమ్మదిగా ఉబ్బి, మూలమూలలకీ చేరి, ఇటుకంతా నిండింది. "బతికే ఉన్నాయి మేడమ్" అంది, ఊపిరి వదులుతూ.

ఇరవై నాలుగు మంది పిల్లలు. పదికి ఐదు నిమిషాలు ఉందనగా ముప్పై పొరలు గాజు చిప్పల్లో మంచినీళ్ళలో తేలుతున్నాయి.

ఎగ్జామినర్ పెద్దాయన. బల్ల మీద చూసి, "పేపర్లో ఆకు అని ఉంది. ఇది ఉల్లిపాయలా ఉందే?" అన్నాడు.

మేడమ్ ఏదో చెప్పబోయింది. ఆమె ఒకడుగు ముందుకు వేసింది. "ఆకుల్ని నేను చంపేశాను సార్. ఐసులో పెట్టాను."

"చంపేశారా?" ఆయన కనుబొమలు పైకి లేచాయి. "ఏవీ, శవాలు ఎక్కడ?"

పళ్ళెం తెచ్చి ముందు పెట్టింది. ఆయన వాలిపోయిన ఆకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత రెండు మైక్రోస్కోపులు పక్కపక్కన పెట్టించాడు. ఒకదాని కింద ఉల్లిపొర, రెండోదాని కింద చచ్చిన ఆకు పొర. పిల్లలు ప్రయోగం ముగించాక ఒక్కొక్కరినే పిలిచి అడిగిన ప్రశ్న ఒకటే: రెండిటికీ ఉప్పునీళ్ళే వేశాం, ఒకటి కదిలింది, ఇంకోటి ఎందుకు కదల్లేదు?

సగం మంది నీళ్ళు నమిలారు. ఉప్పు చాల్లేదన్నాడొకడు. వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని పిల్ల మాత్రం, "గోడలున్నాయి సార్. పొర పోయింది. ఆపేవాళ్ళు లేక రంగు ముందే కారిపోయింది" అంది. ఆయన తల ఊపి ఏదో రాసుకున్నాడు.

వెళ్ళేటప్పుడు మేడమ్‌తో, "ఆ చచ్చిన ఆకు వచ్చే ఏడు కూడా పెట్టించండి. కావాలనే పెట్టించండి" అన్నాడు.

గది ఖాళీ అయ్యాక మేడమ్ కాగితం తీసి రాయడం మొదలుపెట్టింది. ఆమె స్లైడ్లు కడుగుతూ ఉండబట్టలేక అంది:

"ఐసు సంగతి కూడా రాయండి మేడమ్. నా తర్వాత వచ్చేవాళ్ళకి తెలియాలి కదా."

"మీ తర్వాతా?" మేడమ్ తలెత్తలేదు. "మీరెక్కడికి పోతున్నారు?"

కుళాయి కట్టేసి, తడిచేతులతో అలాగే నిలబడిపోయింది. మేడమ్ సంతకం పెట్టి కాగితం కవరులో పెట్టింది.

"ఎల్లుండి రెండో బ్యాచి. ఆ లాగడమేదో నాకోసారి చూపించండి."

ఆమె చేతులు తుడుచుకుని బుట్టలోంచి ఉల్లిపాయ తీసి కోసింది. మేడమ్ బ్లేడు అందుకుంది. మొదటి రేకు కండతో సహా ఊడింది.

"ఇంకోటి తీసుకోండి" అంది ఆమె.