టైపు పిన్ని, రెండు ముక్కల మాట

రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల కింద ఒక బల్ల, ఒక టైపు మిషను, రెండు కుర్చీలు. ఆ కాస్త చోటులో పంతొమ్మిదేళ్లుగా కూర్చుంటున్న ఆమెను అందరూ టైపు పిన్ని అంటారు. అర్జీలు టైపు చేస్తుంది. ఎవరికైనా ఇంగ్లీషులో ఉత్తరం వస్తే చదివి తెలుగులో చెబుతుంది. ఆ ఇంగ్లీషు కాలేజీలో అబ్బింది కాదు. తండ్రి కొనిపెట్టిన నిఘంటువుతో, పాత పత్రికలతో కుస్తీపట్టి సంపాదించుకుంది. పెద్ద పెద్ద మాటలకు ఆమె జంకదు. జంకేదల్లా చిన్న మాటలు జంటకట్టినప్పుడే. ‘టేక్’ తెలుసు, ‘ఇన్’ తెలుసు. రెండూ కలిస్తే ఎవరో తెలియని మూడో మనిషి వచ్చి కూర్చుంటాడు.

అందుకే ఒక నోటుపుస్తకం పెట్టింది. ఆ నెల అందులో మోసానికి సంబంధించిన మాటలు ఎక్కిస్తోంది. ‘మేకప్’ అంటే ముఖానికి రంగే కాదు, లేని కథ అల్లడం కూడా. ‘సీ త్రూ’ అంటే ఎదుటివాడి ఎత్తు పసిగట్టడం. ‘ఫాల్ ఫర్’ పక్కన ‘బుట్టలో పడటం’ అని రాసి మురిసిపోయింది, పడటం రెండుచోట్లా ఉందని. మనవాళ్లు మోసం చెయ్యాలంటే టోపీ పెడతారు, నామం పెడతారు, చెవిలో పువ్వు పెడతారు. ఏదో ఒకటి పెట్టనిదే మనకు మోసం సాగదు. ఇంగ్లీషువాళ్లేమో లోపలికి తీసుకుంటారు. ‘టేక్ ఇన్’: మోసగించడం. ఎందుకు లోపలికి? ఎవరి లోపలికి? ఆ ప్రశ్న ఆమెను వదల్లేదు.

ఆ వారంలోనే తాళాల బాబాయ్ వచ్చాడు. వీధి చివర తాళాలు బాగుచేసే డెబ్బై ఏళ్ల మనిషి. భార్య పోయి రెండేళ్లయింది. చేతిలో పరాయి దేశపు తపాలా బిళ్ల అంటించిన కవరు.

“ఎవరు రాశారో తెలియదమ్మాయ్. చూసి చెప్పు.”

పిన్ని మొదటి రెండు వరుసలు చూసింది. నోటుపుస్తకంలోని మాట కళ్లెదుట కనబడేసరికి ప్రాణం లేచొచ్చింది. ఆగకుండా చెప్పేసింది. “‘మీ భార్య మా అమ్మని మోసం చేశారు. అది మేం ఎప్పుడూ మరచిపోలేదు’ అని రాశారు బాబాయ్.”

“మా ఆవిడా! పిల్లి పాలు తాగేస్తే గిన్నె ఇంకోసారి నింపిన మనిషి, మోసమా?” ఆయన ఉత్తరం లాక్కుని వెళ్లిపోయాడు.

పిన్నికి ఆ పూట పని సాగలేదు. ఉత్తరం చేజారుతున్నప్పుడు అడుగున ‘ప్రేమతో’ అన్న మాట కంటపడింది. తిట్టేవాళ్లు ప్రేమతో సంతకం పెడతారా? నిఘంటువు తీసింది. ‘టేక్ ఇన్’ కింద అరడజను అర్థాలున్నాయి. వదులైన బట్ట బిగించడం ఒకటి. విన్నది బుర్రకెక్కించుకోవడం ఒకటి. అన్నిటికంటే ముందున్నది, ఇంట్లో చోటిచ్చి చేరదీయడం. పిన్ని నాలిక్కరుచుకుంది.

మర్నాడు పొద్దున్నే తాళాల కొట్టుకు వెళ్లింది.

“బాబాయ్, తప్పు నాది. ఆ మాటకు చేరదీయడం అని కూడా అర్థముంది. తొందరపడి నోరుజారాను. ఉత్తరం ఇస్తే మొత్తం చదువుతాను.”

ఆయన ఆకురాయి పక్కన పెట్టాడు. “ఎవర్ని మోసం చేసిందా అని పెట్టెలన్నీ వెతికాను తెలుసా? చదువు.”

రాసింది పరాయి దేశంలో పెరిగిన ఒకామె. ముప్పై నాలుగేళ్ల కిందట ఆమె తల్లి, కొట్టే మొగుణ్ణి వదిలి, కడుపుతో, ఒక్క సంచీతో రోడ్డున పడింది. బస్సుస్టాపులో ఏడుస్తుంటే బాబాయ్ భార్య ఇంటికి తీసుకొచ్చి ఐదు నెలలు ఉంచుకుంది. ఆ తల్లి పోయినెల కన్నుమూసింది. పోతూ ఈ చిరునామా ఇచ్చింది.

“ఐదు నెలలా? నాకు తెలియకుండా మా ఇంట్లోనా?” అన్నాడు బాబాయ్. అంతలోనే చెయ్యెత్తాడు. “ఆగాగు. ఆ యేడు మా ఇంట్లో ఉన్నది మా ఆవిడ చిన్నమ్మ కూతురు. మొగుడు ఓడలో పనిచేస్తాడని చెప్పింది.”

“వాళ్ల చిన్నమ్మకి కూతుళ్లున్నారా బాబాయ్?”

ఆయన వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. “ఇద్దరూ కొడుకులే.”

ముసలాయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని పిన్ని కంగారుపడింది. నవ్వుతున్నాడు. “ఆ పిల్ల పెళ్లి నాకు గుర్తులేదే అంటే, మీకప్పుడు జ్వరం, రాలేదు అని నన్నే దబాయించింది! ఇన్నేళ్లూ చెవిలో పువ్వు పెట్టుకుని తిరిగానమ్మాయ్!”

పిన్నికీ నవ్వొచ్చింది. అంటే నిన్న తాను చెప్పిన అర్థమూ నూటికి నూరుపాళ్లు తప్పు కాదు. మోసపోయినవాడే వేరు.

“నాకెందుకు చెప్పలేదంటావు?” అన్నాడాయన కాసేపటికి.

“వద్దంటారని భయపడ్డారేమో.”

ఆయన చేతిలోని తాళంకప్పను అటూ ఇటూ తిప్పాడు. “అనేవాణ్ణే. అప్పట్లో పరాయి గొడవలంటే నాకు హడలు.”

ఆ సాయంత్రమే మెట్ల కింద కూర్చుని జవాబు చెప్పాడు, పిన్ని ఇంగ్లీషులో టైపు చేసింది. మీ అమ్మ ఆ ఐదు నెలల గురించి ఏం చెప్పేది? వాళ్లిద్దరూ నా గురించి ఏమనుకునేవాళ్లు? అన్నీ ప్రశ్నలే.

ఇప్పుడు నెలకో ఉత్తరం వస్తోంది. చివరి సంతకం దాకా చదివితే గాని పిన్ని నోరు విప్పదు. బాబాయ్ ఎదురు కుర్చీలో ముందుకు వంగి, ఆమె ముఖంకేసి చూస్తూ, “ఏమంటోంది? మా ఆవిడ ఇంకేం చేసిందట?” అని తొందరపెడుతుంటాడు.