కళ్లార్పితే బతికున్నట్టే

ఈ రోజు పొద్దున్న నా పింఛను లైఫ్ సర్టిఫికెట్ ఇంట్లోనే అయిపోయినాది. పక్కింటి బెంగాలీ దీదీ ఫోను నా మొహం ముందర పెట్టి కళ్లార్పమన్నాది. ఆర్పినాను. బతికే ఉన్నానని ఫోను తేల్చేసినాది.

ఏటా ఈ పనికి బ్యాంకు లైన్లో నిలబడితే రైల్వే వర్క్‌షాపులో నాతో పనిచేసినోళ్లందరూ కనిపించీవోరు. "ఏటిరా, ఇంకా ఉన్నావేటి?" అని నిమ్‌పురా పేటలో ఉండే అప్పారావు నా వీపు మీద ఒక్కటేసీవోడు.

ఉండబట్టలేక మధ్యాహ్నం బ్యాంకుకెళ్లినాను. బెంచీ ఖాళీ.

"ఇప్పుడంతా ఫోన్లోనే కదా, ఎందుకొచ్చినారు దాదా?" అన్నాడు గార్డు.

"మావోళ్లు ఎవులైనా వస్తారేమోనని," అన్నాను.

గంట కూర్చున్నాను. ఎవులూ రాలేదు.

నేనున్నానని సర్కారుకి తెలిసిపోయినాది, సరే. అప్పారావు ఉన్నాడో లేడో నాకెవులు చెప్తారు? తెలిసినోళ్లుంటే ఈ పోస్టు కింద రాయండి. ఏటా కలుస్తాం కదా అని, ఆడి నంబరు ఎప్పుడూ అడగలేదు.