చేటలోంచి తీసిన పిడికెడు

మా సారుకి అబద్ధమంటే ఒళ్ళు మంట. రాజమండ్రిలో ఒక కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవారు. పేద ఇళ్ళలో ఏం మిగులుతుంది, మిగిలింది ఎక్కడ దాస్తారు, అది తెలిస్తే పేదరికం తగ్గించే పథకాలు ఎలా ఉండాలి, ఇదీ ఆయన పరిశోధన. తొంభైల చివర్లో డిగ్రీ పూర్తిచేసి కొవ్వూరులో ఖాళీగా కూర్చున్న నన్ను సర్వే పనిలోకి తీసుకున్నారు. నేను గాల్లో తేలిపోయాను.

ఆయన పద్ధతి ఒకటే. మొగుణ్ణీ పెళ్ళాన్నీ విడివిడిగా అడగాలి. జవాబులు కలవకపోతే తేడా ఎందుకొచ్చిందో ఆ ఇంట్లోనే తేల్చుకుని రావాలి. "ఫారంలో ఖాళీ గడి ఉన్నా పర్లేదమ్మా, తప్పు గడి మాత్రం నాకొద్దు" అనేవారు. నాకది వేదవాక్కు. ఇప్పుడు తలుచుకుంటే ఆయన మీద కన్నా నా మీదే ఎక్కువ కోపం వస్తుంది.

నాకిచ్చిన ఊరు ఉప్పాడ. ఏడాదిలో మూడుసార్లు వెళ్ళి అవే ఇళ్ళని అడగాలి. సముద్రం వైపు చివరి వీధిలో ఒక నేత ఇల్లుండేది. నేలలో గుంట తీసి పెట్టిన మగ్గం మీద మొగుడు నేసేవాడు, పెళ్ళాం నూలు కండెలు చుట్టేది. పదకొండేళ్ళ కూతురు ఆరో తరగతి. "టిక్కులు నేను పెడతానండి" అని నా ఫారం పట్టుకుని వదిలేది కాదు.

ఎండాకాలంలో మొదటిసారి వెళ్ళి, ఏమైనా దాచుకున్నారా అని అడిగితే పిల్ల తల్లి నవ్వేసింది. "మాకు దాచుకునేంత ఏం మిగుల్తుందండీ!" మొగుడు చీర ఇచ్చి రావడానికి షావుకారు ఇంటికి వెళ్ళాక మాత్రం నన్ను వంటింట్లోకి పిలిచి, కొబ్బరి మట్టలు పక్కకి జరిపి, వెనకున్న కుండ చూపించింది. వండే ప్రతిసారీ చేటలోంచి ఒక పిడికెడు బియ్యం వెనక్కి తీసి అందులో వేస్తుందట. పురుగు పట్టకుండా పైన వేపాకు కప్పింది.

"ముసురు పట్టిందంటే మగ్గం గుంటలోకి నీళ్ళూరతాయండి. కాళ్ళు పెట్టడానికుండదు. నేత ఆగితే కూలి ఉండదు కదండీ. అప్పుడు మా పిల్లకి అన్నం ఈ కుండలోదేనండి. ఆయనకి తెలీదు. తెలిస్తే ఉండనివ్వరు."

నేను పొల్లుపోకుండా రాసుకున్నాను. సారు చదివి ఎంతో మెచ్చుకున్నారు. ఆ రాత్రంతా నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు.

రెండోసారి వానలకి ముందు వెళ్ళాను. ఈసారి మొగుడి వంతు. "దాచడానికేముందండీ? కొట్టువాడి బాకీ తీర్చడానికే దిక్కు లేదు" అన్నాడు. ఇద్దరి జవాబులూ కలవలేదు. ఆమె నమ్మి చెప్పిన మాట నాకు గుర్తులేక కాదు. సారు వద్దన్న తప్పు గడి గుర్తుకొచ్చింది, అంతే. అడిగేశాను.

"మరి మీ ఆవిడ కుండలో బియ్యం దాస్తున్నానన్నారు కదండీ?"

ఆమె గుమ్మం దగ్గరే ఉంది. చేతిలో కండె ఆగిపోయింది. అతను అరవలేదు. ఆమె వైపు తిరిగి, "ఇంట్లో గింజలుండగా నేను కొట్టు దగ్గర తల దించుకుని నిలబడ్డానా?" అన్నాడు. నేను టిక్కు పెట్టుకుని బయటపడ్డాను.

ముసురు వెళ్ళాక మూడోసారి వెళితే మగ్గం గుంటలో ఇంకా బురద ఉంది. పిల్ల కనిపించలేదు. బడికెళ్ళిందా అని అడిగాను. అతను నేలచూపులు చూస్తూ చెప్పాడు. నేను వెళ్ళిన సాయంత్రమే కుండ ఎత్తుకెళ్ళి బియ్యం పాతబాకీ కింద కొట్టులో పోసేశాడు. తర్వాత వానలు పట్టాయి. వారాల తరబడి మగ్గం ఆడలేదు. కొట్టువాడు మళ్ళీ గింజ అప్పివ్వలేదు. పిల్లని తునిలో ఎవరింట్లోనో పనికి పెట్టారు.

"రెండు పూటలా అన్నం పెడతారంటండి" అన్నాడు. మళ్ళీ అతనే, "ఎందుకు దాస్తున్నావని దాన్ని నేను అడగలేదండి" అన్నాడు.

నేనూ చెప్పలేదు. నా ఫారంలో ఎందుకు అనే గడి ఉంది, అందులో ఆమె చెప్పిందంతా నా చేతిరాతతోనే ఉంది. అది ఒక్కటీ అతనికి చదివి వినిపించి ఉంటే ఆ పిల్ల బళ్ళో ఉండేదేమో. ఇన్నేళ్ళయినా ఆ మాట నన్ను తింటూనే ఉంది.

అయినా ఫారం తీశాను. అంత సిగ్గు లేకుండా ఎలా తీశానో నాకే తెలీదు. దాచుకున్నది ఏమైనా ఉందా అంటే అతను లేదన్నాడు. వంటింట్లోకి వెళ్ళి ఆమెని అడిగాను. "లేదని రాస్కోండి" అంది, నా మొహం చూడకుండా. మొట్టమొదటిసారి ఇద్దరి జవాబులూ కలిశాయి. కలిసిన ఆ జవాబుల్ని బట్టే, ఇలాంటి కుటుంబాలకి ముందు పొదుపు అలవాటు నేర్పాలని సారు తన నివేదికలో రాశారు. దాన్ని సాఫు చేసి రాసిచ్చింది నేనే.

ఆ మూడోసారి, లేదని రాస్కోమన్నాక కూడా ఆమె పొయ్యి ముందే కూర్చుని ఉంది. ఎసరు మరుగుతోంది. చేటలో బియ్యం ఏరుతూ ఏరుతూ అలవాటుగా ఒక పిడికెడు తీసింది. తల ఎత్తేసరికి నేను చూస్తున్నాను. పిడికిలి విప్పి బియ్యాన్ని మళ్ళీ చేటలోనే పోసేసింది. చేట ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంది. నేను లేచి వీధిలోకి వచ్చేదాకా ఆ బియ్యం కడగలేదు.