బాబాయి రోజూ ఆపేసిన పెట్టె

ఇవాళ పొద్దున ఫోనులో మా చెల్లెలికి పెద్ద ఉత్తరం రాస్తూ, మధ్యలో ఎవరో పంపిన ఫోటో ఏమిటో చూద్దామని వెళ్లి వచ్చేసరికి రాసిందంతా మాయమైపోయింది. అరగంట కష్టం. ఎవరినడిగి చెరిపావని ఫోనుని పట్టుకుని తిడుతుంటే, మా మేనకోడలు అటుగా వెళ్తూ, మెమరీ నిండిపోయి ఉంటుందత్తా, ఓసారి ఆపి ఆన్ చెయ్యి అని తేలిగ్గా చెప్పి పోయింది. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఇరవై ఏళ్ల కిందట అదే మాట మా బాబాయి చెబితే నేను చెవికెక్కించుకోలేదు.

అప్పట్లో నేను గుంటూరులో ఒక చిన్న కంపెనీలో పనిచేసేదాన్ని. మిర్చి నిలవచేసే కోల్డ్ స్టోరేజీల్లో గదుల చల్లదనాన్ని కనిపెట్టుకుని ఉండి, వేడెక్కితే మోగే పెట్టెలు మేము తయారుచేసేవాళ్లం. పెట్టె అంటే లోపల చిన్న కంప్యూటరే. దానిలోని ప్రోగ్రాములన్నిటి మీదా పెత్తనం చేస్తూ, ఎవరికెంత మెమరీ ఇవ్వాలో చూసే ప్రోగ్రాముని కెర్నల్ అంటారు. ఉన్న కాస్త మెమరీతో అది సర్దుకునేలా దిద్దడం, దిద్దినదాన్ని పరీక్షించడం నా ఉద్యోగం. ఈ పెత్తందారు గుణమెలాంటిదంటే, అడిగినవాడికల్లా ఇస్తానని తలూపుతుంది. తీరా అందరూ ఒక్కసారి వచ్చిపడి చోటు చాలకపోతే, ఎక్కువ చోటు పట్టినవాడెవడో చూసి వాణ్ణి చంపేస్తుంది, అంటే ఆ ప్రోగ్రాముని అక్కడికక్కడ ఆపేస్తుంది. వాడు మంచివాడా, వాడి పని ఎంత ముఖ్యం అన్న విచారణ ఉండదు. ఆ గుణం మార్చలేక ఎన్నిసార్లు తల పట్టుకున్నానో.

ఆఫీసులో పరీక్ష కోసం ఉత్తుత్తి ప్రోగ్రాములు డజన్లకొద్దీ నడిపి దాన్ని ఊపిరాడనివ్వకుండా చేశాను, తట్టుకుంది. ఇక అసలుచోట నెల రోజులు ఆగకుండా నడిస్తే సరి అనుకుని, చిలకలూరిపేట దారిలో హైవే పక్కనున్న కోల్డ్ స్టోరేజీలో పెట్టాం. అక్కడ మా బాబాయి, అంటే మా నాన్న తమ్ముడు, ఇరవై ఏళ్లుగా మెషిన్ ఆపరేటర్. ఆయన మాట మీదే యజమాని ఒప్పుకున్నాడు. పెట్టె వచ్చాక, ఇక రెండు గంటలకోసారి గదులన్నీ తిరిగి చూడక్కర్లేదని ఆ యజమానే ఆయనతో చెప్పాడు.

వారానికోసారి బస్సెక్కి వెళ్లి చూస్తే ఏముంది, నా పరీక్ష ఏ రోజుకారోజు మొదటికొచ్చి ఉండేది. కారణం బాబాయే. పొద్దున్నే ఆరింటికి ప్రార్థన చేసుకుని, పాత బనీను గుడ్డతో మెషిన్లన్నీ తుడవడం ఆయన అలవాటు. కరెంటున్న దాన్ని తుడవకూడదు కాబట్టి నా పెట్టెనీ ఆపేవాడు. అలా చెయ్యొద్దు బాబాయ్ అని మూడు వారాలు మొత్తుకున్నాను. చివరికి ఆయనే ఒకరోజు, "సాయంత్రానికి బరువెక్కిద్దమ్మా ఇది. పొద్దున్నే ఓసారి ఆపితే మళ్లీ తేలిగ్గా నడిచిద్ది" అన్నాడు. నాకు నవ్వూ వచ్చింది, చిర్రెత్తుకూ వచ్చింది. పొద్దున్నించి సాయంత్రానికి మెమరీ కాస్త కాస్త తగ్గడం నేనూ చూశాను. ఖాళీగా ఉన్నదాన్ని కెర్నల్ వాడుకోవడం మామూలే, అవసరమైతే అదే వదులుతుందని నా చదువు. ఒక సోమవారం, "ఈ పెట్టె ఆపరాదు" అని పెద్దక్షరాలతో కాగితం రాసి, నాలుగు మూలలా జిగురు పూసి దానికే అంటించి వచ్చాను. సరేలేమ్మా, చదువుకున్నదానివి, నీకు తెలవదా అన్నాడు బాబాయి. ఆ తర్వాత ఆయన దాన్ని ముట్టుకోలేదు.

ఆ శనివారం సాయంత్రం ఒక గది కంప్రెసర్ ఆగిపోయింది. పెట్టె మోగలేదు. మోగించాల్సిన ప్రోగ్రాముని ఆ మధ్యాహ్నమే కెర్నల్ చంపేసింది. పెట్టె తెర మీద మాత్రం అది చూపిన చివరి అంకె అలాగే నిలిచిపోయి, చల్లగానే ఉందని చూపిస్తూ కూర్చుంది. ఆదివారమంతా ఆ అంకె చూసి అందరూ నమ్మారు. సోమవారం తలుపు తీస్తే పైవరస టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, చెమటపట్టి, కాయ మెత్తబడి రంగు పోయి ఉంది. పెట్టె చూసుకుంటూ ఉండమంటే నిద్రపోయావా అని యజమాని రైతుల ముందే బాబాయిని అన్నాడు, ఆ పూటే ఇంటికి పంపేశాడు.

నేను వెళ్లేసరికి నా కాగితం లేదు. పెట్టె మీద నాలుగు జిగురు మరకలున్నాయి. చూపించి తప్పించుకోవాల్సిన మనిషి, మాట నా మీదికి రాకూడదని దాన్ని చింపేశాడు.

తప్పెవరిదో నాకు మూడు రోజుల్లో తెలిసింది. గదుల వేడి చదవడానికి కెర్నల్లో నేను చేర్చిన ముక్క, చదివిన ప్రతిసారీ కాస్త మెమరీ తీసుకుని తిరిగివ్వడం లేదు. ఆఫీసులో వేడి కొలిచే తీగలు రెండే పెట్టి పరీక్షించాను కాబట్టి బయటపడలేదు, ఇక్కడ నలభై. మింగింది అది, కెర్నల్ తనలోని ముక్కని చంపుకోదు కాబట్టి, మిగతావాటిలో పెద్దదని చచ్చింది పాపం మోగాల్సిన ప్రోగ్రాము. ఇది మనదని బయటికి రానివ్వకు, మిగతా చోట్లా పెట్టెలు పీకేస్తారని మా ఆఫీసు పెద్ద అన్నాడు. నేను నోరు మూసుకున్నాను. ఇప్పటికీ తల్చుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

రెండు నెలలు మెమరీ కారిపోయే ఆ కన్నం పూడ్చడానికి తల బద్దలుకొట్టుకున్నాను. ఒకచోట పూడిస్తే ఇంకోచోట కారేది. చివరికి ఆఫీసు పెద్ద విసిగిపోయి, రోజూ పొద్దున ఆరింటికి పెట్టె తనంతట తానే ఆగి మళ్లీ మొదలయ్యేలా రాసెయ్యమన్నాడు. రాశాను. అంతే, ఇక ఏ పెట్టే మొరాయించలేదు.

అప్పుడు వెళ్లి కోల్డ్ స్టోరేజీ యజమానికి నిజం చెప్పాను. అంతా విని, కొత్తవాడొచ్చేశాడుగా అన్నాడు. బాబాయి చీమకుర్తిలో గ్రానైటు కోసే చోట వాచ్‌మన్‌గా చేరాడని తెలిసి అక్కడికీ వెళ్లాను. తెల్లటి దుమ్ములో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, తుడవడానికి ఆయనకక్కడ ఏ మెషినూ లేదు. క్షమాపణ చెబుదామని ఎంతో కూడగట్టుకుని వెళితే, ఆయనే ముందు, "పొద్దున్నే ఓసారి ఆపుతున్నారామ్మా దాన్ని?" అని అడిగాడు. ఆపుతున్నారు బాబాయ్ అన్నాను. అదీ, అని తృప్తిగా తలూపాడు.

ఇప్పుడు అన్నీ వాటంతటవే ఆగి వాటంతటవే లేస్తున్నాయి. గుడ్డ పట్టుకుని దగ్గర నిలబడి, ఇది బరువెక్కిందని చెప్పే మనిషితో ఎవరికీ పనిలేదు. మా పెట్టెలు కొన్ని ఇంకా నడుస్తున్నాయని విన్నాను. ప్రోగ్రాములో ఏ వరుస ఎందుకు రాశామో పక్కనే కారణం రాసే ఆచారం మాది. ఆరింటికి ఆగే ఆ వరుస పక్కన, నా తెలివంతా చూపిస్తూ నాలుగు వాక్యాలు రాశాను, కింద నా పేరు పెట్టుకున్నాను. బాబాయి చెప్పాడని రాయలేదు.