శీనయ్య ప్రమాణానికి ఒకరోజు ముందు: బోగోలు తీరాన స్కౌట్ల శిబిరం

1963 మే 14, మంగళవారం. తెల్లవారకముందే నాయన నన్ను లేపి, "బోగోలు పోయి సాయంత్రానికల్లా తమ్ముణ్ణి పిలుచుకోని రా" అన్నాడు. ఊరు దాటి నన్నెప్పుడూ ఒంటరిగా పంపని మనిషి కావడంతో ఆశ్చర్యపోయాను. నిన్న మా అవ్వ చనిపోయింది. పన్నెండేళ్ల తమ్ముడు శీనయ్య స్కౌట్ల వేసవి శిబిరంలో ఉన్నాడు. వాడికింకా తెలియదు.

కోవూరులో ఏడు గంటలకు కావలి బస్సు ఎక్కాను. బోగోలుకు తొంభై నయాపైసలు. వాడికి ఎలా చెప్పాలా అని దారిపొడవునా మాటలు వెతుక్కున్నాను. 'కాలం చేసింది' అనడం మర్యాదగా తోచింది. బోగోలులో దిగి సముద్రం వైపు జట్కా మాట్లాడుకున్నాను, రానూపోనూ రెండు రూపాయలు.

"పిలకాయల క్యాంపుకేనా? అందరూ జంతికలు, మామిడిపండ్లు మోసకపోతా ఉండారు. నువ్వేంది, చేతులూపుకుంటా వచ్చినావు?" అని జట్కా ఆయన నవ్వాడు. సంగతి చెప్పాను. ఆయన నవ్వు ఆపి గుర్రాన్ని అదిలించాడు.

సరుగుడు తోపులో గుడారాలు వేశారు. వెదురు కర్రలకు తాడు ముడులు వేస్తున్న శీనయ్య నన్ను చూసి పరుగెత్తుకొచ్చాడు.

"అవ్వ ఏదన్నా? రేపు నేను స్కౌటు ప్రమాణం చేసేది చూడ్డానికి వస్తానన్నిందే."

వెతికిపెట్టుకున్న మాట నోటికి రాలేదు. "అవ్వ పోయిందిరా, నిన్న" అన్నాను.

వాడు చేతిలోని తాడును చుట్ట చుట్టి కింద పెట్టాడు. "తలకి పోసుకోవాల గదా" అంటూ సముద్రం వైపు నడిచాడు. చావు కబురు వింటే వెంటనే తలస్నానం చేయాలని వాడికి నేర్పింది అవ్వే.

శిబిరం మాస్టారు ఆపారు. జత లేకుండా ఎవరూ నీళ్లలో దిగకూడదన్నది అక్కడి నియమం. అంతలో వాడి దళం పిల్లలందరూ లేచారు.

"మైల వాళ్లింటికిరా, మీకు కాదు" అన్నారు మాస్టారు.

"స్నానమే గదా సార్" అన్నాడు దళనాయకుడు. ఆ తీరంలోనే చేపలు పట్టేవాళ్ల పిల్లవాడు. "వాడొక్కడే మునగతా ఉంటే మేం చూస్తా కూర్చుంటామా?"

చేతులు పట్టుకుని వరుసగా దిగి అందరూ ఒక్కసారే మునిగారు. పైకి లేచాక శీనయ్య ఏడ్చాడు. వాళ్లు చేయి వదల్లేదు.

మైలలో ప్రమాణం చేయించవచ్చునా అని మాస్టారికి సందేహం. నిర్ణయం నాకే వదిలేశారు. శీనయ్య తడి తలతో నా ముందు నిలబడ్డాడు. "అవ్వ దానికోసరమే గదన్నా వస్తానన్నింది. రేపటిదాకా ఉంటా."

"పొద్దుగూకితే ఇసకలో నా గుర్రం రాదబ్బాయా. ఏందో ఒకటి తేల్చు" అన్నాడు జట్కా ఆయన.

"నువ్వు పోయి రేపు రా అన్నా" అని జట్కా ఆయనతో అన్నాను.

ఇంటి దుఃఖం ఇంటివాళ్లకే చెందుతుందని అనుకునేవాణ్ణి. అన్ని తడి తలలు ఒక్కచోట చూశాక అలా అనుకోలేకపోతున్నాను. ఇటు వచ్చేవారు జట్కా దిగేటప్పుడే తిరుగు ప్రయాణం మాట్లాడుకోండి. ఈ ఇసుకదారిలో వేరే బండి దొరకదు.

ఇంట్లో రాత్రంతా ఎదురుచూస్తారు. నాయన కోప్పడతాడు, పడనీ. రేపు ఉదయం జెండా ఎగిరాక శీనయ్య ప్రమాణం చేస్తాడు. అవ్వ నిలబడవలసిన చోట నేను నిలబడతాను. ఆ తరువాతే బండి ఎక్కుతాం.